ఏకమనస్సు

ఆ వేసవిలో మా సంఘమంతా ఒక పిల్ల కోసం ప్రార్థన చేసింది. నేనూ చేశాను. ఎవరి పిల్లో పాపం అనుకుంటూ, అందరికంటే గట్టిగానే చేశాను. అది మా పిల్లేనని నాకు ఆ వారం చివరికి గానీ తెలియలేదు.

మా సంఘంలో ప్రార్థన గొలుసని ఒకటి ఉండేది. ఎవరికైనా ఆపద వస్తే ముందు మా అత్త ఓపల్‌కు ఫోను చేస్తారు. మా అత్త ఆర్డిత్‌కు చేస్తుంది. ఆర్డిత్ నాకు, నేను వెల్డాకు, వెల్డా ఇంకొకరికి. అలా ఊరంతా తిరిగి చివరి ఆవిడ మళ్ళీ మా అత్తకే ఫోను చేసి, అందింది, ప్రార్థించాం అని చెబుతుంది. పేరు బయటపెట్టడం ఇష్టం లేని సంగతయితే పేరు లేకుండానే పంపేవాళ్ళం. దేవుడికి పేరు తెలుసు గనుక మనకెందుకన్నది నియమం. తెలుసుకునేదాకా మాలో ఒక్కరికీ అన్నం సహించేది కాదు, అది వేరే సంగతి.

జూలైలో ఒక ఉదయం నేను చిక్కుళ్ళు నిలవకు సీసాల్లో పట్టి ఉడకబెడుతుంటే ఆర్డిత్ ఫోను చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది. తన వంటింట్లో తనొక్కతే ఉన్నా సరే, ఇలాంటివి చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గుతుంది. మన సంఘంలోనే ఒక పిల్ల ఆ మంత్రాల పుస్తకాలకు చిక్కుకుందట, ప్రార్థించాలట. తండ్రి కళ్ళారా చూశాడట.

"తల్లేం చేస్తోందట?" అన్నాను.

"అదే కదా నడీన్. తల్లికి ఇంకా తెలీదట."

ఇంట్లో పిల్ల ఏం చదువుతోందో కూడా చూసుకోని ఆ తల్లి మీద నాకు ఒళ్ళు మండిపోయింది. పొయ్యి తగ్గించి, వంటింట్లో మోకాళ్ళ మీద కూర్చుని, ప్రభువా, ఆ తల్లి కళ్ళు తెరిపించు అని వేడుకున్నాను. తర్వాత వెల్డాకు ఫోను చేసి ఇదంతా చెప్పి, తల్లి గురించి నా అభిప్రాయం కూడా కాస్త జోడించాను.

ఆ పుస్తకాల గురించి మాకు అప్పటికే చాలా భయం ఉంది. వాటిలో ఇల్సా అనే పిల్ల మంత్రాలు నేర్చుకుంటుంది, గాలిని పిలుస్తుంది, చచ్చినవాళ్ళతో మాట్లాడుతుంది. దేశమంతా పిల్లలు వాటి కోసం దుకాణాల ముందు బారులు తీరుతున్నారని రేడియోలో చెప్పారు. నవంబరులో సినిమా కూడా వస్తోంది. రహదారి మీద హాంబర్గర్ల కొట్లో కూల్‌డ్రింక్ గ్లాసు మీద కూడా ఆ పిల్ల బొమ్మే, చేతిలో నీలిమంటతో. మంత్రగాళ్ళను, సోదె చెప్పేవాళ్ళను దగ్గరికి రానివ్వొద్దని వాక్యంలో స్పష్టంగా ఉంది. పిల్లలు దాన్ని గ్లాసుల్లో తాగుతున్నారు. మా పాస్టరు బ్రదర్ టాలివర్ జూన్‌లో రెండు ఆదివారాలు దీని మీదే ప్రసంగించాడు. ఆ రెండు ఆదివారాలూ మా కెండ్రా నా పక్కనే బుద్ధిగా కూర్చుని వింది.

కెండ్రాకు అప్పుడు పదకొండేళ్ళు. ఒక్కతే పిల్ల. ఆ జూన్‌లోనే ఉజ్జీవ కూటాల్లో, ప్రభువును నమ్మినవాళ్ళు ముందుకు రండి అని పిలిస్తే తనంతట తాను లేచి ముందుకు వెళ్ళి, బాప్తిస్మం కావాలని అడిగింది. ఎవరూ మోచేత్తో పొడవలేదు. ఆగస్టు చివరి ఆదివారం ఏట్లో ఇవ్వాలని నిశ్చయమైంది. మా అత్త తెల్ల గౌను కుట్టడం మొదలుపెట్టింది. ఇక మిగిలింది సంఘపెద్దల ముందు సాక్ష్యం చెప్పడమే. ప్రభువును ఎలా తెలుసుకున్నావని వాళ్ళు అడుగుతారు, పిల్ల తన నోటితో చెప్పాలి. పాస్టరూ పెద్దలూ అందరూ ఏకమనస్సుతో ఒప్పుకుంటేనే నీళ్ళలోకి దిగనిస్తారు. ఒక్కరు కాదన్నా ఆగాల్సిందే. ఆ పెద్దల్లో మా ఆయన వెర్లిన్ కూడా ఉన్నాడు గనుక మా ఇంట్లో ఆ సంగతి గురించి ఎవరికీ దిగులు లేదు.

ఆ శనివారం మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే కెండ్రా పలకలేదు. వెతుక్కుంటూ మా రంపపు మిల్లు వెనక్కి వెళ్ళాను. పాత ట్రక్కులో, రెండు తలుపులూ బార్లా తెరిచి, మోకాళ్ళు డాష్‌బోర్డుకు ఆనించి కూర్చుని ఉంది. ఒళ్ళో లావుపాటి పుస్తకం. అట్ట మీద ఆ పిల్ల, ఆ నీలిమంట. నన్ను చూసి దాచుకుంటుందనుకున్నాను. దాచుకోలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఎక్కడిది అని అడిగాను. కౌంటీ లైబ్రరీది అంది. ఎన్నాళ్ళ నుంచి చదువుతున్నావంటే ఇది నాలుగోది అంది. మీ నాన్నకు తెలిస్తే ఏమవుతుందో తెలుసా అన్నాను.

"నాన్నకి తెలుసమ్మా. పోయిన వారం చూశాడు."

అప్పుడు గుర్తొచ్చింది. తండ్రి కళ్ళారా చూశాడట. తల్లికి ఇంకా తెలీదట. ట్రక్కు అంచు మీద కూలబడ్డాను. వంటింట్లో మోకాళ్ళూని నేను తిట్టిపోసిన ఆ తల్లిని నేనే. దేవుడు ఆ ప్రార్థన వెంటనే ఆలకించాడు కూడా.

వెర్లిన్ సాయంత్రం మిల్లు ఆపి, కొళాయి దగ్గర చేతులకంటిన రంపపు పొట్టు కడుక్కుంటుండగా వెళ్ళి నిలదీశాను. అతను మాటలు తక్కువ మనిషి. మంచి చెక్కను, పుచ్చు చెక్కను కూడా ఒకే ముఖంతో చూస్తాడు.

"నాకు చెప్పకుండా మీ అమ్మకు చెప్పావా?"

"నీకు చెబితే భయపడతావని."

"ఇప్పుడు భయపడటం లేదా?"

"ఇప్పుడు అందరితో కలిసి భయపడుతున్నావు," అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అలా అనుకుంటున్నాడు.

మరి పుస్తకం లాక్కోలేదేం అని అడిగాను. లాక్కుందామనే వెళ్ళాడట. పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోందట. ఏడుస్తున్న పిల్ల చేతిలోంచి ఎలా లాక్కోవడమో తెలియక, తిన్నగా వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి, పేరు చెప్పకుండా ప్రార్థన పెట్టించమన్నాడట. మనవరాలి పేరు చెప్పకుండా ఉండటానికి ఆవిడ ఎంత కష్టపడిందో తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

ఇంతలో గొలుసు తన పని తాను చేసుకుపోతోంది. మర్నాడు ఆరాధన అయ్యాక మా అత్త నన్ను కారు చాటుకు లాగి, చివరి ఫోను వచ్చిందని చెప్పింది. ఆ పిల్ల నెత్తుటితో నేల మీద మంత్రపు గిరి గీస్తోందట, వాళ్ళ వీధిలో ఒక పిల్లి కనబడటం లేదట.

"నేను పంపింది ఒక్క పుస్తకమే నడీన్. తిరిగొచ్చేసరికి చచ్చిన పిల్లి కూడా చేరింది," అంది. "ఆ పిల్ల ఎవరో తేలిందంటే ఏట్లోకి కాదు కదా, ఆ గుమ్మంలోకి కూడా రానివ్వరు. నువ్వు నోరు కుట్టేసుకో. దాని నోరు కూడా కుట్టు."

దాని నోరు కుట్టడం నావల్ల అయ్యే పని కాదని నాకప్పుడు తెలియదు. మర్నాడు వరండాలో ఇద్దరం చిక్కుళ్ళు తుంచుతూ కూర్చున్నాం. పుస్తకాన్ని లైబ్రరీకి తిరిగి ఇచ్చేద్దాం, ఇక దాని ఊసెత్తొద్దు అన్నాను. ఇచ్చేద్దాం, చదవడం అయిపోయింది అంది. నా ప్రాణం కుదుటపడింది. అయితే సాక్ష్యంలో ఏం చెబుతావని మాటవరసకు అడిగాను.

"ఆ పుస్తకం సంగతే," అంది.

నా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

ఆ కథంతా చెప్పుకొచ్చింది. నాలుగో పుస్తకంలో ఇల్సా చేయకూడని మంత్రం చేస్తుంది. ఆ ఊళ్ళో దానికి శిక్ష ఏమంటే, బతికుండగానే రాయైపోవడం. పాదాల నుంచి మెల్లగా పైకి. ఆ పిల్ల మోకాళ్ళ దాకా రాయై నిలబడి ఏడుస్తుంటే, గాడిదలు తోలుకునే ముసలివాడొకడు వస్తాడు. మొదటి పుస్తకం నుంచీ ఆ పిల్ల అతన్ని ఎగతాళి చేస్తూనే ఉంటుంది. అతను ఏ మంత్రమూ తెలియనివాడు. ఊరివాళ్ళతో, ఆ రాయిని నా మీదికి తోలండి అంటాడు. తోలతారు. అంతే. అతను రాయైపోతాడు, ఆ పిల్ల నడుచుకుంటూ ఇంటికి వెళ్తుంది.

"అది చదివి ఏడుస్తుంటే నాన్న వచ్చాడు," అంది కెండ్రా. "అమ్మా, యేసు నా బదులు చనిపోయాడని నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మన ఫోన్ నంబరు తెలిసినట్టు తెలుసు. నా బదులు అంటే ఏంటో మాత్రం ఆ రోజే తెలిసింది."

జూన్‌లోనే ముందుకు వెళ్ళావు కదా, అప్పుడు తెలియదా అన్నాను. అప్పుడు నిజంగానే వెళ్ళాను, కానీ ఎందుకు వెళ్ళానో ఇప్పుడు తెలిసింది అంది. అయితే జూన్ సంగతే చెప్పు, ఇది నీకూ దేవుడికీ మధ్య ఉంచుకో అన్నాను. బతిమాలాను. భయపెట్టాను కూడా, పిల్లి కథ చెప్పి. కెండ్రా అంతా విని చిక్కుళ్ళ గిన్నె పక్కన పెట్టింది.

"సాక్ష్యమంటే జరిగింది చెప్పడం కదమ్మా. కొంచెం దాచేసి చెబితే దాన్ని ఏమంటారు?"

జవాబు నాకు తెలుసు. ఆదివారపు బడిలో ఆ పాఠం దానికి చెప్పింది నేనే.

పుస్తకాన్ని లైబ్రరీకి ఇచ్చే ముందు నేను చదివాను. బట్టలు ఉతికే గదిలో, యంత్రం మోత మధ్య నిలబడి చదివాను. మంత్రాలు చదువుతుంటే చెమటలు పట్టాయి. చచ్చినవాళ్ళతో మాట్లాడే చోట పేజీలు తిప్పేశాను. ముసలివాడి దగ్గరికి వచ్చేసరికి నాకూ ఏడుపు ఆగలేదు, పొయ్యి మీద మొక్కజొన్న రొట్టె మాడి వాసన వచ్చేదాకా తెలియలేదు. ఏడిచాక భయం తగ్గాలి కదా, ఇంకా పెరిగింది. నలభై ఏళ్ళ దాన్ని, బైబిలు నాలుగుసార్లు చదివిన దాన్ని, నన్నే ఇంతలా కదిలించిన పుస్తకం పదకొండేళ్ళ పిల్లను చేయి పట్టుకుని ఎక్కడికైనా తీసుకుపోగలదు. ఈసారి మంచి చోటికి తీసుకెళ్ళింది సరే, ఐదో పుస్తకంలో ఎక్కడికి తీసుకెళ్తుంది? ఆ ప్రశ్నతోనే నేను ఆ నెలంతా వండాను, వడ్డించాను, పడుకున్నాను.

ఆగస్టు మొదట్లో బ్రదర్ టాలివర్ మా ఇంటికి వచ్చాడు. వరండాలో ఐస్ టీ ఇచ్చాను. ఆయన్ని చూసి చాలామంది కఠినుడనుకుంటారు గానీ, నిజానికి ఆయన భయస్తుడు. ఆ రోజు ఆయనే చెప్పాడు. ఆయన తమ్ముడు చిన్నప్పుడు స్నేహితులతో కలిసి ఆత్మలను పిలిచే పలక ఒకటి తెచ్చుకున్నాడట, బొమ్మల కొట్లో కొన్నదే. ఆట అనుకుని అందరూ నవ్వారట. ఏడాది తిరిగేసరికి వాడు ఎవరితోనో మాట్లాడటం, గదిలోంచి రాకపోవడం మొదలై, ఒక రోజు ఇల్లు వదిలి పోయాడు. ఇంతవరకు తిరిగి రాలేదు. ఆ పలక వల్లనేనా అంటే ఆయన చెప్పలేడు. కాదని కూడా చెప్పలేడు.

"పుస్తకాలన్నీ సాతానువని నేననను సిస్టర్. ఏ తలుపు బొమ్మదో, ఏది నిజమైనదో పిల్లలకు తెలీదు. అదే నా భయం," అన్నాడు.

నేను ధైర్యం తెచ్చుకుని, ఎవరైనా ఒక పిల్ల ఆ పుస్తకం చదివే ప్రభువును బాగా తెలుసుకున్నానని చెబితే మీరేమంటారని అడిగాను. ఎవరైనా ఒక పిల్ల అని అనేటప్పుడు నా గొంతు ఆర్డిత్ గొంతులాగే తగ్గిపోయింది. ఆయన గ్లాసు కింద పెట్టి చాలాసేపు మిల్లు వైపు చూశాడు. ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలిసింది.

"ఏమంటానో నాకే తెలీదు. కానీ ఆ పిల్లకు అబద్ధం మాత్రం నేర్పకండి," అని లేచి వెళ్ళిపోయాడు.

సాక్ష్యాలు వినేది బుధవారం సాయంత్రం, కూటానికి ముందు. ఆదివారపు బడి గదిలో పెద్దవాళ్ళకు సరిపడే కుర్చీలు ఉండవు. సంఘపెద్దలు నలుగురూ, పాస్టరూ, నేనూ చిన్న పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా కూర్చున్నాం. కెండ్రా మాత్రమే నిలబడి ఉంది. ఆఖరి నిమిషంలోనైనా దానికి భయం పుట్టించమని నేను దేవుణ్ణి అడుగుతున్నాను. అది ఎలాంటి ప్రార్థనో ఆయనకే తెలియాలి.

దానికి భయం పుట్టలేదు. జూన్ సంగతి చెప్పింది. తర్వాత పుస్తకం సంగతి చెప్పింది, ముసలివాడితో సహా. అనుమతి లేకుండా తెచ్చుకోవడం తప్పేనని కూడా చెప్పింది. చెప్పడం అయ్యాక చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఇన్నాళ్ళూ తాము ప్రార్థించింది ఎవరి కోసమో ఆ గదిలో ఒక్కొక్కరికే అర్థమవుతుంటే నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను.

అందరికంటే పెద్దవాడు హోబర్ట్. బావులు తవ్వించేవాడు. ఆయన ముందు మా పెళ్ళిలో నవ్వడానికి కూడా మేం జంకాం. ఆయనే గొంతు సవరించుకున్నాడు.

"ఆ గాడిదలవాడే క్రీస్తు అంటావా?"

"కాదు తాతయ్యా. అతను వట్టి గాడిదలవాడే. కథలో మనిషి. అతన్ని చూశాక క్రీస్తు ఏం చేశాడో తెలిసింది."

"ఇంకా మంత్రాలు నేర్చుకోవాలనుందా?"

"మొదటి పుస్తకంలో ఉండేది. గాలిని పిలిచి చూశాను కూడా. రాలేదు."

హోబర్ట్ పాస్టరు వైపు తిరిగి, బైబిల్లో దేవుడు ఒకప్పుడు గాడిద చేతనే మాట్లాడించాడు, ఈసారి గాడిదలవాడితో మాట్లాడించాడంటే కొంత నయమే కదా అన్నాడు. మిగతా ఇద్దరు పెద్దలూ నవ్వారు. గదిలో గాలి ఆడినట్టయింది. బ్రదర్ టాలివర్ నవ్వలేదు. ఆ పుస్తకాల మీద తన మాట మారలేదనీ, వచ్చే ఆదివారం కూడా అదే చెబుతాననీ అన్నాడు. కానీ ఈ పిల్ల ఎవరిని నమ్ముకుందో తాను విన్నాననీ, దాన్ని కాదనలేననీ చెప్పి తన చేయి ఎత్తాడు. హోబర్ట్ ఎత్తాడు. ఆ ఇద్దరూ ఎత్తారు. నేనైతే గౌను అంచు ఇంకా మడిచి కుట్టలేదని కూడా అనుకున్నాను.

వెర్లిన్ చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి.

మొదట ఎవరూ గమనించలేదు. తర్వాత అందరూ అటే చూశారు. అతను నేల వైపు చూస్తూ మాట్లాడాడు, మిల్లులో కొలతలు చెప్పేటప్పటి గొంతుతోనే.

"వేరేవాళ్ళ పిల్లయితే ఎత్తేవాణ్ణి. ఏడుస్తున్నప్పుడు చూసింది నేను. అది ప్రభువు కోసం ఏడ్చిందో, పుస్తకంలో ముసలాడి కోసం ఏడ్చిందో నాకు తెలీలేదు. ఇప్పటికీ తెలీదు. తెలీకుండా ఎలా ఎత్తను?"

ఏకమనస్సు లేనప్పుడు ఆగుదాం, మళ్ళీ చూద్దాం అన్నాడు పాస్టరు. కెండ్రా సరేనంది. ముఖం పాలిపోయింది గానీ ఏడవలేదు. బయటికొచ్చి ట్రక్కులో మా ఇద్దరి మధ్యా కూర్చుంది.

ఆ తర్వాత నేను మా ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. నెల రోజులు నేను భయపడింది పాస్టరును చూసి, హోబర్ట్‌ను చూసి, ఆర్డిత్ ఫోనును చూసి. నా పక్కన పడుకునే మనిషిని చూసి భయపడాలని నాకు తట్టలేదు. మా అత్త వచ్చి కొడుకును వాకిట్లో నిలబెట్టి కడిగేసింది. ఇన్నాళ్ళూ ఊరందరి బాధలూ గొలుసులో పెట్టాను, ఇప్పుడు నీ గురించి ఎవరికి ఫోను చెయ్యనురా అంది. రెండు రోజులు మిల్లులో చెక్కలు కొలత తప్పాయని పనివాళ్ళు చెప్పుకున్నారు. కెండ్రా మాత్రం ఎప్పటిలాగే తండ్రికి కంచం పెట్టింది, ఎప్పటిలాగే రొట్టె మీద వెన్న రాసి ఇచ్చింది. అతను తినలేక లేచిపోయేవాడు.

ఆగస్టు చివరి ఆదివారం ఇంట్లోనే ఉండిపోదామన్నాను. కెండ్రా ఒప్పుకోలేదు. బాప్తిస్మం తీసుకునేవాళ్ళకు తువ్వాళ్ళు అందించే మనిషి కావాలి కదా అని, మామూలు నీలం గౌను వేసుకుని బయల్దేరింది.

ఏటి ఒడ్డున గులకరాళ్ళ మీద సంఘమంతా నిలబడింది. అందరికీ అన్నీ తెలుసు. గొలుసు లేకుండానే తెలిసిపోయింది. మా వైపు చూడకుండా ఉండటానికి వాళ్ళు పడే అవస్థ, వాళ్ళు తేరిపార చూడటం కంటే మాకు కష్టంగా ఉంది. మా ఏరు పైకి నిదానంగానే ఉంటుంది గానీ అడుగున లాగుతుంది. అందుకని పాస్టరుకు కాస్త దిగువన ఒక సంఘపెద్ద నిలబడాలి, ఎవరి కాలైనా జారితే పట్టుకోవడానికి. ఆ రోజు ఆ వంతు వెర్లిన్‌ది. నడుము లోతు నీళ్ళలో, చొక్కా తడిసి ఒంటికి అంటుకుని, ఒక్కొక్కరినీ పట్టి ఒడ్డుకు నడిపిస్తున్నాడు. ఒడ్డున కెండ్రా ఒక్కొక్కరికీ తువ్వాలు కప్పుతోంది. తండ్రి చేతుల్లోంచి కూతురి చేతుల్లోకి వస్తున్నారు అందరూ. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు.

చివరి మనిషి ఒడ్డెక్కాడు. పాస్టరు ప్రార్థన ముగించి వెనక్కి తిరిగాడు. వెర్లిన్ మాత్రం కదల్లేదు.

"కెండ్రా," అని పిలిచాడు.

అతను నీళ్ళలోంచి కుడిచేయి పైకెత్తాడు. ఆ బుధవారం ఎత్తాల్సిన చేయి. మోచేతి నుంచి నీళ్ళు కారుతున్నాయి. పాస్టరు ఆగిపోయాడు. గౌను ఇంట్లో ఉంది, పోనీ, నీలం గౌనులోనే దిగనీ, దిగనీ అనుకున్నాను.

కెండ్రా నీళ్ళు బూట్లకు తగిలేదాకా నడిచి అక్కడ నిలబడింది.

"నాన్నా, నమ్మి పిలుస్తున్నావా? జాలిపడి పిలుస్తున్నావా?"

గట్టిగా అనలేదు. కానీ ఒడ్డున వినపడనివాళ్ళు లేరు. ఒక్క మాట చాలు. నమ్మే అంటే అయిపోతుంది, పిల్ల నీళ్ళలోకి పరిగెత్తుతుంది, మా ఇల్లు మళ్ళీ ఇల్లవుతుంది. అనెయ్యి వెర్లిన్, ఒక్కసారికి అనెయ్యి అని నేను లోలోపల మొత్తుకుంటున్నాను.

అతని పెదవులు కదిలాయి. ఆగాయి.

"జాలిపడే తల్లీ," అన్నాడు చివరికి. "ఇంకా తేల్చుకోలేకపోతున్నా."

కెండ్రా తలూపింది. దాని కళ్ళనిండా నీళ్ళు. ఆ నీళ్ళలోకి దిగడం కోసం ఆ పిల్ల ఎంతగా ఎదురుచూసిందో నాకు తెలుసు. గౌను కొలతలకు పిలిచినప్పుడల్లా పరిగెత్తుకొచ్చి చేతులు చాపి నిలబడేది.

"అయితే ఆగుతాను నాన్నా. నువ్వు తేల్చుకో," అంది.

ఆ వేసవంతా నన్ను తినేసిన భయం అక్కడ, ఆ గులకరాళ్ళ మీద నన్ను వదిలిపోయింది. ఏ పుస్తకమో, ఏ సినిమానో మా పిల్లను మాయచేసి ఎత్తుకుపోతుందని కదా నేను వణికింది. తను అన్నిటికంటే ఎక్కువగా కోరుకున్నది కన్నతండ్రి చేయెత్తి ఇస్తుంటే, అది నిజం కాదని తీసుకోకుండా నిలబడిన పిల్ల ఇది. దీన్ని ఎవరెత్తుకుపోతారు? అటు చూస్తే, ఊరంతా చూస్తుండగా ఒక్క చిన్న అబద్ధం ఆడలేక నీళ్ళలో నిలబడ్డ ఆ మనిషి. ఆ పిల్ల ఎవరి పోలికో నాకు అప్పుడే తెలిసినట్టయింది. నా కోపం కూడా పోయింది.

వెర్లిన్ నీళ్ళలోంచి నడిచి వచ్చాడు. కెండ్రా చేతిలో మిగిలిన తువ్వాలు విప్పి, మునివేళ్ళ మీద లేచి అతని భుజాల మీద కప్పింది. అతను దాని కొస తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. నీళ్ళు తుడుచుకుంటున్నాడనుకుని జనం మెల్లగా భోజనాల బల్లల వైపు కదిలారు.

మా అత్త మాత్రం కదల్లేదు. కొడుకునే చూస్తూ నా మోచెయ్యి తట్టింది.

"ఇంకో తువ్వాలు పట్టుకెళ్ళవే నడీన్," అంది. "వాడికి అదొక్కటీ సరిపోదు."